పెళ్లిచూపుల ముందు నా బుగ్గల మీద ఎర్ర నరాలు

నా మొహాన్ని నేనే చేతులారా పాడుచేసుకున్న కథ ఇది. మాది తిరువూరులో మందుల షాపు. తామరకి రాసే ఓ ట్యూబు మొహానికి పూస్తే రంగు తేలతారని ఊరంతా నమ్మేది. నమ్మించింది ఎవరయ్యా అంటే, నేనే. రెడ్డిగూడెం సంబంధం మాటల్లో ఉందనగానే నేనూ మొదలుపెట్టాను. నాలుగు నెలలు, రెండు పూటలా, అట్టుకి కారప్పొడి పట్టించినట్టు పట్టించాను.

మొదట్లో మొహం మెరిసిన మాట నిజమే. తర్వాత బుగ్గల మీదా ముక్కు మీదా సన్నటి ఎర్ర నరాలు తేలాయి, సాలెగూడు అల్లినట్టు. అమ్మ గుండె బాదుకుంది.

"ఒరేయ్, తాగుతున్నావా?"

"లేదమ్మా, ట్యూబు రాశాను."

మర్నాడే విజయవాడలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"ఇవి ఎండకీ వస్తాయి, తాగుడుకీ వస్తాయి, వంశంలో ఉన్నా వస్తాయి. మీకు మాత్రం ఈ ట్యూబులోని స్టెరాయిడ్ వల్లే. చర్మం పల్చబడి లోపలి రక్తనాళాలు బయటికి కనబడుతున్నాయి. ఎవరిచ్చారండీ?"

"మా ఊరి మెడికల్ షాపాయనండి."

"అలాంటివాణ్ణి లోపలేయించాలి."

"అవునండి," అన్నాను. ఇంకేమనను?

"ట్యూబు మానేయండి. ఎండలోకెళ్తే సన్‌స్క్రీన్ రాయండి. మిగిలిన నరాలు లేజర్‌తో తీద్దాం. మూడు నాలుగుసార్లు రావాలి."

"ఆదివారం పెళ్లిచూపులండి. శనివారానికి అయిపోతుందా?"

ఆవిడ తర్వాతి పేషెంటుని పిలిచింది.

ఆదివారం అమ్మ నా మొహానికి పౌడరు దట్టించింది. రెడ్డిగూడెం చేరేసరికి అదంతా చెమటకి చారలు కట్టింది. అమ్మాయి మేనమామ నా ముక్కు మీంచి చూపు తిప్పలేదు.

"అలవాట్లేమైనా ఉన్నాయా బాబూ?"

"టీ కూడా తాగనండి."

"ముక్కు చూస్తే అలా లేదే!"

అయిపోయింది, సంబంధం చెడిందనుకున్నాను. అమ్మాయి నచ్చింది కాబట్టి నిజంగానే ఏడుపొచ్చింది. ఇద్దర్నీ మాట్లాడుకోమని పెరట్లోకి పంపారు. ఆవిడ నా బుగ్గల్ని తేరిపార చూసింది.

"ఎన్నాళ్లు రాశారేంటి?"

"నాలుగు నెలలండి. మీకెలా తెలుసు?"

కొంగుతో తన చెంప మీది పౌడరు తుడుచుకుంది. అవే నరాలు!

"నాది ఆర్నెల్లు. మీ షాపులోనే మా పిన్ని కొన్నది. గ్యారంటీ అని మీరే చెప్పారట."

నేనూ జేబురుమాలు తీసి నా మొహం మీద మిగిలిన పౌడరు తుడిచేసుకున్నాను.

"తాగుడు కాదని మావయ్యకి నేను చెప్తాలెండి. పెళ్లి మాత్రం ఇద్దరికీ లేజర్ అయ్యాకే. ఫొటోలు బాగా రావాలి కదా!"

డాక్టరు చీటీ లేకుండా ఆ ట్యూబు ఎవరికీ అమ్మననీ, నా మొహానికైతే చచ్చినా పూయననీ ఆ పెరట్లోనే గుండె మీద చెయ్యేసుకుని ప్రమాణం చేశాను. నా ప్రమాణం మీద నమ్మకం చాలక, పెళ్లయిన మర్నాటి నుంచీ కౌంటర్లో ఆవిడే కూర్చుంటోంది.