మాలీ అక్క వచ్చి కూర్చుంది

పొద్దున మూకుట్లో ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేశానో లేదో ఘాటు గొంతుకు అడ్డం పడింది. దగ్గుకుంటూ వెళ్ళి కిటికీ తెరిచాను. హాల్లోంచి మా ఆయన శ్రీను, "ఏందే, ఇల్లంత పొగ చేస్తున్నవ్! ఇగ అలారం మొత్తుకుంటది సూడు" అని అరిచాడు. నాకేమో నవ్వు. ఈ ఘాటు తగిలితే చాలు, మాలీ అక్క గుర్తొస్తుంది. మేముండే టౌరంగా ఊళ్ళో ఆమె నడిపిన చిన్న థాయ్ పార్సిళ్ళ కొట్టు ఉండేది, ఇక్కడివాళ్ళు టేక్‌అవే అంటారు. దాని వంటింట్లో రోజూ ఇదే దగ్గు, ఇవే కన్నీళ్ళు. మిరపకాయలు నూనెలో వేసే ముందు "దగ్గండమ్మా!" అని ఒక కేక వేసేది. మేమంతా ముక్కులు మూసుకునేవాళ్ళం, ఆమె మాత్రం గరిటె తిప్పుతూ నవ్వేది.

జగిత్యాల నుంచి కొత్తగా వచ్చిన నాకు మొదట పనిచ్చింది ఆమే. ఇంటర్ తప్పినదాన్ని, ఇంగ్లిష్ అంటే వణుకు. ఆమె ఇంగ్లిష్ కూడా నాదానికి చెల్లెలే, అందుకే మా ఇద్దరికీ ఇట్టే కుదిరింది. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ మేము మాట్లాడుకున్నది సగం ఇంగ్లిష్, సగం చేతులతో. వాళ్ళ దేశంలోనూ పెద్దవాళ్ళను ఉత్త పేరు పెట్టి పిలవరట. అయితే మా వరసే పెడతానని మొదటి రోజే "మాలీ అక్కా" అన్నాను. ఆ పిలుపు ఆమెకు ఎంత నచ్చిందంటే, ఆర్డర్ల ఫోన్ ఎత్తి కూడా "హలో, అక్క స్పీకింగ్" అనేది. అవతలి కీవీలు, అదే ఈ దేశపువాళ్ళు, ఏమనుకునేవాళ్ళో మరి!

ఒక మధ్యాహ్నం ఎవరో కస్టమర్ పార్సిల్ తీసుకుంటూ, మీ షాపులో ఎనర్జీ భలే ఉందండీ అని మెచ్చుకుని వెళ్ళింది. మాలీ అక్క ట్యూబులైట్ వైపు చూసింది. "ఎనర్జీ అంటే ఇదే కదా, కరెంటు?" అంది. నేను నా స్కూలు చదువంతా గుర్తు చేసుకుని చెప్పాను. కరెంటూ ఎనర్జీనే, ఆ ఫ్రిజ్‌లో డ్రింకూ ఎనర్జీనే, మనిషి హుషారుగా ఉంటే అదీ ఎనర్జీనే అని. "పాపం, ఒక్క మాటకు ఎంత చాకిరీ!" అని జాలిపడింది. థాయ్‌లో కరెంటుకూ పెట్రోలుకూ అయితే పలంగ్‌ఙాన్ అంటారట. ఒంట్లో సత్తువైతే రేంగ్. మనసు చతికిలబడినప్పుడు కావలసింది వేరే ఉంది, అది కమ్‌లంగ్ జై అంది. మనసుకు బలం అన్నమాట. "అది ఫ్రిజ్‌లో దొరకదు. పక్కవాళ్ళు తెచ్చి ఇవ్వాలి" అంది, తులసిలాంటి ఆకులు గిల్లుతూ. మాకూ ఉందిలే, ధైర్యం చెప్పడం అంటాం అన్నాను. ఆమె అడిగింది: "చెప్తారా? ఇవ్వరా?"

ఆ మాట నాకు అర్థమైంది డ్రైవింగ్ టెస్టు దగ్గర. ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి స్నానం చేయించి, అన్నం పెట్టి వచ్చే పని ఒకటి దొరికేలా ఉంది. నాకు ఎప్పటినుంచో ఆ పనే ఇష్టం. కానీ కారు నడపడానికి లైసెన్స్ ఉంటేనే తీసుకుంటామన్నారు. మొదటి టెస్టులో అంతా బాగానే చేసి, రోడ్లు కలిసే చోట గుండ్రంగా తిరిగే రౌండబౌట్ రాగానే మా ఊరి అలవాటు కొద్దీ పాంయ్‌మని హారన్ కొట్టాను. ఎగ్జామినర్ ఉలిక్కిపడి ఎవరి కోసం కొట్టావని అడిగాడు. "అందరికీ సార్, నేను వస్తున్నానని" అన్నాను. తర్వాత కంగారులో ఇంకేం చేశానో నాకే తెలియదు. ఫెయిల్.

ఇక చూడండి, సలహాలే సలహాలు. అద్దం చూడు, భుజం మీదుగా చూడు, పాజిటివ్‌గా ఉండు. "గా హారన్ మీద చెయ్యే పెట్టకు, ఏం గాదు, పరేషాన్ గాకు" అని శ్రీను చెప్పిన కొద్దీ నా పరేషాన్ పెరిగింది. ఈసారీ తప్పితే ఆ పనికి వేరే మనిషిని చూసుకుంటామని వాళ్ళు ముందే చెప్పేశారు.

రెండో టెస్టు మధ్యాహ్నం పడింది. సరిగ్గా టేక్‌అవే కిటకిటలాడే వేళ. కారు దిగి చూద్దును కదా, ఆఫీసు బయట బెంచీ మీద గొడుగు పట్టుకుని మాలీ అక్క! వంటింటి ఏప్రన్ కూడా విప్పలేదు.

"షాపో?" అన్నాను.

"మూసేశాను."

"ఈ టైములోనా! ఇక్కడేం చేస్తావు?"

"ఏమీ లేదు. కూర్చుంటా."

అంతే. ఒక్క సలహా లేదు, ఆల్ ది బెస్ట్ లేదు. నేను పాసైతే ఆమె వంటింట్లో ఒక మనిషి తగ్గుతుంది, ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. అయినా వచ్చి చినుకుల్లో కూర్చుంది. కారు కదిలాక అద్దంలో చూశాను. గొడుగు అక్కడే ఉంది. రౌండబౌట్ దగ్గర నా చెయ్యి హారన్ మీదికి పోబోయింది. నేను తిరిగి వెళ్ళేసరికి ఒక మనిషి ఆ బెంచీ మీద ఉంటుంది కదా, పాసైనా, తప్పినా. అది తలపుకు రాగానే చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది.

కారు ఆపాక ఎగ్జామినర్ బెంచీ వైపు చూసి, "మీ అమ్మగారా?" అన్నాడు.

"కాదు సార్. మా బాస్."

పాసయ్యానని చెబితే మాలీ అక్క లేచి ఏప్రన్ దులుపుకుంది. "మంచిది. పద, ఉల్లికాడలు తరగాలి. ఇంకా నా దగ్గరే కదా ఉద్యోగం" అంది. అలా అంటూనే కళ్ళు తుడుచుకుంది. మిరపకాయల ఘాటు అక్కడ లేదు మరి.

తర్వాత ఆమె టేక్‌అవే అమ్మేసి, వాళ్ళ చెల్లెలి దగ్గరికి థాయ్‌లాండ్ వెళ్ళిపోయింది. ఇప్పుడు నేను రోజూ కారు నడుపుకుంటూ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్తాను. కొందరు పెద్దవాళ్ళకు నేను చేసే పనికన్నా, పనయ్యాక కాసేపు పక్కన కూర్చోవడమే ఎక్కువ కావాలి. అది నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

కూర దించుతుంటే ఫోన్ మోగింది. పక్క వీధిలోకి గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన సుష్మ.

"అక్కా, రేపే నా డ్రైవింగ్ టెస్టండీ. కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. ఏమన్నా టిప్స్ చెప్పండక్కా."

హారన్ గురించి చెబుదామని నోరు తెరిచి, ఆగిపోయాను.

"ఎన్ని గంటలకు?"

"పదిన్నరకండీ. ఎందుకక్కా? మీకు డ్యూటీ ఉంటదిగా!"

"మార్పించుకుంట."

"అయ్యో, మీరొచ్చి ఏం చేస్తారక్కా అక్కడ?"

"ఏం చెయ్య. ఊకె కూసుంట."