లాల్ సాహెబ్ లప్పం

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లే రోడ్డు మీద, ఊరు దాటేచోట కృపావరం షెడ్డు ఉంది. తుప్పుపట్టిన సామాను ఏది తెచ్చినా, గాలి ఒత్తిడితో ఇనుప రవ్వ కొట్టి తెల్లగా తీసిస్తాడు. దాన్నే అందరూ బ్లాస్టింగ్ అంటారు. కారు చక్రాలు, బైకు చాసిస్‌లు, లారీ ఇరుసులు, ఏదైనా సరే. ముఖమంతా కప్పే టోపీ పెట్టుకుని ఆ దుమ్ములో నిలబడితే భార్య భానుప్రియ కూడా గుర్తుపట్టలేదు. మంచి పనివాడు. ఆ మాట ఇప్పుడెవరైనా అంటే మాత్రం మనిషి ముడుచుకుపోతాడు. దానికి కారణం ఒక జీపు బానెట్.

బనగానపల్లెలో మామిడికాయల వ్యాపారం చేసే అజయ్ కుమార్‌కు తాత నాటి జీపొకటి ఉంది. దాన్ని కొత్తదాన్ని చేయాలని పిచ్చి పట్టింది. మొత్తం విప్పదీసి, బానెట్ తెచ్చి కృపావరానికి అప్పగించాడు. "జాగ్రత్తప్పా, ఇది లాల్ సాహెబ్ చేతి పని" అని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

ఆళ్లగడ్డలో టింకరింగ్ పనికి లాల్ సాహెబ్‌ది పెద్ద పేరు. సొట్టపడిన రేకును సుత్తితో తట్టి, అరచేత్తో తడిమి, మళ్లీ తట్టి సాపు చేస్తాడు. మిగతావాళ్లు సొట్టను సగం లేపి, మిగతా సగాన్ని లప్పం ముద్దతో పూడ్చి, పైన రంగు కొట్టి పంపుతారు. ఆయన లప్పం డబ్బాను అంగట్లోకే రానివ్వడు. లప్పం ఉన్నచోట అయస్కాంతం పట్టదు. "నా రేకు మీద అయస్కాంతం యాడ పెట్టినా అతుక్కోవల్ల" అని గడ్డం నిమురుకునేవాడు.

ఆ రోజు కృపావరం లారీ కింద బరువు మోసే కమాన్ పట్టీలకు షాట్ పీనింగ్ చేస్తున్నాడు. ఆవగింజంత ఉక్కు గుండ్లను జోరుగా కొడితే పట్టీ పైపొర బిగుసుకుంటుంది, తొందరగా విరగదు. మందపాటి పట్టీకి బలమిచ్చే ఆ దెబ్బే పల్చటి రేకును సాగదీస్తుంది. రేకు పనికి గుండ్లు తీసేసి సన్న రవ్వ పోయాలి, ఒత్తిడి తగ్గించాలి. ఆ సంగతి తెలియనివాడేం కాదు. ఒట్టి బద్ధకం. ఒక్క బానెట్టే కదా అని గొట్టాన్ని అలాగే దాని మీదికి తిప్పాడు. మూలన మొండి రంగు ఎంతకీ పోకపోతే, గొట్టాన్ని అక్కడే ఆపి పట్టాడు. టోపీ తీసి చూసేసరికి రేకు అప్పడంలా ఉబ్బి ఉంది.

సాయంత్రం అజయ్ కుమార్ వచ్చి చూసి అదిరిపడ్డాడు.

"ఇదేందప్పా, ఇట్లయింది?"

నిజం నోటిదాకా వచ్చింది. బయటికొచ్చింది మాత్రం వేరే మాట.

"లోపల లప్పం ఉన్నిందన్నా, వేలు మందాన. అది రాలిపోయేసరికి రేకు యవ్వారం బయటపడింది."

"లాల్ సాహెబ్ పెట్టినాడా? ఆయప్పా?"

"నేనేం సెప్పేదన్నా. కండ్లారా సూసినా."

అజయ్ కుమార్ మాట కడుపులో దాచుకునే రకం కాదు. పాత జీపులున్నవాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. చూస్తుండగానే ఆ మాట పాణ్యం దాకా పాకింది.

కొన్నాళ్లకు సామాను దించడానికి కృపావరం ఆళ్లగడ్డ వెళ్లాడు. తన కళ్లముందే జీపు ఓనరొకడు, పాత స్పీకరులోంచి పీకిన అయస్కాంతంతో లాల్ సాహెబ్ అంగడికి వచ్చాడు. అప్పుడే ముగించిన మడ్‌గార్డు మీద దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అన్నిచోట్లా అతుక్కుంది. ముసలాయన పక్కకు తిరిగి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. కృపావరానికి సిగ్గుతో చచ్చినంత పనైంది. అయినా నిజం చెప్పకుండా సామాను దించేసి వెనక్కి వచ్చేశాడు. పిరికివాడు మరి.

రొట్టె, ద్రాక్షరసం పంచి సంస్కారం ఇచ్చే ఆదివారం చర్చిలో అందరూ లేచి బల్ల దగ్గరికి వెళ్తుంటే, తప్పు దాచుకుని అవి తీసుకోకూడదని కృపావరం బెంచీ మీదే ఉండిపోయాడు.

"ఏందీ, రావా?" అని భానుప్రియ మోచేత్తో పొడిచింది.

"కడుపు బాగలేదు."

దేవుని ముందర కూర్చుని మరో అబద్ధం.

ఒక మధ్యాహ్నం లాల్ సాహెబ్ బస్సు దిగి షెడ్డు ముందు నిలబడ్డాడు. తిట్టడానికే వచ్చాడనుకున్నాడు కృపావరం. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ముసలాయన తిట్టలేదు. నీళ్లు తాగి, స్టూలు మీద కూర్చుని, మెల్లగా అడిగాడు.

"నిజం సెప్పప్పా. లప్పం ఏ పక్క ఉన్నింది? ఎడమ మూలకా?"

"చాచా..."

"నాకు గుర్తు రాలే. ఆ బానెట్ చేసేటప్పుడు మా ఇంటామెకు వొళ్లు బాగలేక ఆస్పత్రి చుట్టూ తిరుగుతాంటి. ఆ తొందరలో పెట్టింటానేమో. పెట్టలేదంటాది మనసు. పెట్టినావంటాండారు జనం. నా చేతి మీద నాకే నమ్మకం పోయిందప్పా. తట్టిన రేకునే మళ్లీ మళ్లీ తడుముతాండా."

కృపావరం ఇక తట్టుకోలేకపోయాడు. ఉక్కు గుండ్ల సంగతి, ఒత్తిడి సంగతి, మూలన గొట్టం ఆపిన సంగతి, అన్నీ కక్కేశాడు. "తప్పు నాది చాచా. లప్పం ల్యా, ఏం ల్యా. నా పేరు పోతాదని నీ మీద ఏసినా." ఒక రేకు ముక్క తెచ్చి, గుండ్లు కొట్టి, అది ఉబ్బడం కూడా చూపించాడు.

లాల్ సాహెబ్ ఆ ముక్కను అరచేత్తో తడిమి పక్కన పెట్టాడు.

"ఇది ఇప్పటి రేకు, కాగితం. ఆ జీపు రేకు గట్టిదప్పా. నీ గుండ్లకు లొంగేది కాదు."

"లొంగింది చాచా. కండ్లారా సూసినా!"

ముసలాయన నవ్వి అతని చెంప తట్టాడు. "మంచోడివి. ముసలోడు కుములుతాండాడని నీ పని మీద నువ్వే మన్ను పోసుకుంటాండావు. బిడ్డలు గలోడివి, నీకెందుకప్పా? అబద్ధం సెప్పేది నీకు సేతగాదు."

కృపావరం ఎంత బతిమాలినా వినకుండా లాల్ సాహెబ్ బస్సెక్కి వెళ్లిపోయాడు.

అప్పటికప్పుడే కృపావరం అజయ్ కుమార్‌కు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాడు. మర్నాడు అతను ఊగిపోతూ వచ్చి, రోడ్డున పోయేవాళ్లు ఆగి చూసేలా కడిగేశాడు. కృపావరం తలవంచుకుని అన్నీ పడ్డాడు. ఈ మాట ఆ మాటకన్నా జోరుగా పాకింది. చిన్నచిన్న కార్ల పనులు షెడ్డుకు రావడం మానేశాయి. భానుప్రియ గుక్కతిప్పుకోకుండా తిట్టింది, తర్వాత పక్కన కూర్చుని ఏడ్చింది.

కోపం చల్లారాక అజయ్ కుమారే బానెట్‌ను, కృపావరాన్ని బండిలో వేసుకుని ఆళ్లగడ్డ వెళ్లాడు. ఇద్దరూ ముసలాయన చేతులు పట్టుకుని జరిగింది చెప్పారు. నువ్వే సాపు చేయాలని బతిమాలారు. లాల్ సాహెబ్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఈ ముసలోడి కోసం ఇద్దరూ ఎంత నాటకమాడతాండారప్పా" అన్నాడు. ఇద్దరికీ చాయ్ తెప్పించాడు. బానెట్‌ను మాత్రం ముట్టుకోలేదు.

ఆ బానెట్ మీద లప్పం ఎన్నడూ లేదని ఇప్పుడు నంద్యాల, ఆళ్లగడ్డ, బనగానపల్లెల్లో తెలియని జీపు ఓనరు లేడు. నమ్మనిది లాల్ సాహెబ్ ఒక్కడే.