మా నాన్న మునిగిన పచ్చనీళ్ళు

మా నాన్న బాప్తిస్మం తీసుకోకుండా ముప్పై ఏళ్ళపాటు అడ్డుపడింది సాతానే అని మా అమ్మ గట్టి నమ్మకం. చివరికి సాతాను కూడా విసుగొచ్చి వదిలేసిన ఆ పనిని నేను పదహారు రోజుల్లో దాదాపు పూర్తిచేశాను. అప్పుడు నేను రాజమహేంద్రవరంలో బీఎస్సీ బాటనీ, రెండో సంవత్సరం. రెండో సంవత్సరం అంటే మీకు తెలియనిదేముంది? మొదటి ఏడాది చదివింది మరిచిపోయి, మూడో ఏడాది రాబోయేది తెలియక, మధ్యలో లోకమంతా తెలిసినట్టు తిరిగే కాలం. ఇప్పుడు నేనే పిల్లలకి శైవలాల పాఠం, అంటే నాచు పాఠం, చెప్పుకుంటున్నాను. ఈ కథ మాత్రం క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. మీరు నాకు పరీక్షలు రాయరు కాబట్టి చెబుతున్నాను.

మాది రావులపాలెం దగ్గర కాలువగట్టు మీద ఊరు. నాన్న పేరు దానియేలు, లాకుల దగ్గర లస్కరు. కాలువ తలుపులు ఎత్తడం, దించడం, నీటిమట్టం చూసి ఆఫీసుకి ఫోన్ చేయడం ఆయన ఉద్యోగం. ఆదివారం సెలవు. ఆ పొద్దున లాకుల కింద మడుగులో దిగి, వల లేకుండా, గాలం లేకుండా, ఉత్త చేతులతో చేపలు పట్టడం ఆయన సరదా.

మా బాప్టిస్టు సంఘంలో చంటిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. మనిషి పెద్దయ్యాక తనంతట తాను ఒప్పుకుని నీళ్ళలో పూర్తిగా మునగాలి. అమ్మ పెళ్ళికి ముందే మునిగింది. నాన్నని ఎప్పుడడిగినా "వచ్చే ఏడు చూద్దాంలే" అనేవాడు. మునిగాక ఆదివారాలు బుద్ధిగా మందిరంలో కూర్చోవాలి కదా, ఆ చేపల గతేం కావాలి!

అలాంటి మనిషి ఒక వేసవిలో, అన్నం తింటూ తింటూ, "సరే, ఈసారి మునుగుతాను" అన్నాడు.

అమ్మ గరిటె గిన్నెలోనే వదిలేసింది. "నిజంగానా అండీ?"

"నిజంగానే. ఎల్లుండి కాలువకి నీళ్ళు కట్టేస్తున్నారు. జూన్ దాకా నాకూ పనేం ఉంటుంది?"

అది పూర్తి భక్తితో వచ్చిన మాట కాదని నాకూ తెలుసు, అమ్మకీ తెలుసు. ఆవిడ అదేమీ పట్టించుకోలేదు. చేయి కడుక్కోకుండానే అయ్యగారి ఇంటికి పరిగెత్తింది. మా పాస్టరుగారిని ఊళ్ళో అందరూ అయ్యగారనే అంటారు.

అయ్యగారు సంతోషించారు గానీ ఒక చిక్కు చెప్పారు. బాప్తిస్మానికి ముందు రెండు వారాలు తరగతులు వినాలి. అప్పటికి కాలువ ఎండిపోతుంది. జూన్‌లో నీళ్ళు వదిలాక పెట్టుకుందామన్నారు.

"జూన్ దాకా ఆగితే ఈయన మనసు నిలబడదండీ, నాకు తెలుసు. మందిరం వెనక తొట్టి ఉందిగా, కాలువ ఉండగానే నింపేద్దాం" అంది అమ్మ.

మా బోరు నీళ్ళలో తెల్లబట్ట ముంచితే తుప్పురంగు తేలుతుంది. పంచాయతీ కుళాయి అరగంట వస్తుంది. కాబట్టి కాలువలో మిగిలిన నీళ్ళే మోటారు పెట్టి ఆ సిమెంటు తొట్టిలోకి ఎక్కించారు. పదహారు రోజులు ఆ నీళ్ళు ఎవరు కాయాలి అన్న ప్రశ్న వచ్చింది. బాటనీ చదువుతున్నదాన్ని నేనుండగా ప్రశ్నేమిటి? "నాకొదిలేయండి" అన్నాను. జీవితంలో నేనన్న మాటలన్నిటిలో వెనక్కి తీసుకోవాల్సినవి చాలా ఉన్నాయి, ఇది వాటిలో పెద్దది.

పైన నీడ లేదు. పొలాల ఎరువంతా కడిగి తెచ్చిన కాలువ నీరు, ఏప్రిల్ ఎండ, కదలిక లేని తొట్టి. ఐదో రోజుకి నీళ్ళు లేతాకుపచ్చగా తిరిగాయి. ఎవరైనా కంగారుపడతారు. నేను మురిసిపోయాను. సీసాలో పట్టుకుని బస్సెక్కి కాలేజీకి తీసుకెళ్ళాను. మా మేడమ్ మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు.

"మామూలు ఆకుపచ్చ శైవలాలే, భయం లేదు. పైన తెట్టు కట్టి వాసన కొట్టే నీలి ఆకుపచ్చ రకం అయితే మాత్రం మనుషుల్ని దింపకూడదు. తొట్టి మీద ఒక పట్టా కప్పెయ్యి. వెలుతురు లేకపోతే అవే తగ్గుతాయి."

విన్నారు కదా? ఒక పట్టా. కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ పట్టా కప్పడానికి డిగ్రీ ఎందుకు, మా ఎదురింటి మేకకి కూడా కప్పుతారు. నాచుని తినే చేపల్ని వదిలితే, అదీ శాస్త్రం! చేపలమ్మే నూకరత్నాన్ని అడిగి, అరచేతంత తిలాపి చేపలు పన్నెండు, బతికున్నవి, బకెట్లో తెచ్చి తొట్టిలో వదిలాను. అమ్మ చూసింది.

"మీ నాన్నకి చెప్పకు. తెలిస్తే తరగతులు మానేసి ఇక్కడే కూర్చుంటాడు" అంది.

రెండు రోజులయ్యాక చేపలు పైకొచ్చి నావైపే నోళ్ళు తెరుస్తుంటే నాకు జాలేసింది. ఇంట్లోంచి గుప్పెళ్ళకొద్దీ తవుడు తెచ్చి చల్లడం మొదలుపెట్టాను.

"అవి నాచు తినాలని కదే వేశావు? మళ్ళీ తవుడెందుకు?"

"ఉత్త నాచుతో ఏం బతుకుతాయమ్మా?"

ఇక చెప్పేదేముంది. చేపలు తవుడు తిన్నాయి. చేపలు వదిలింది నాచు తింది. నేను ఆ తొట్టిని శ్రద్ధగా, రోజుకి రెండుపూటలా, చెరువుకి ఎరువు వేసినట్టు పెంచాను. పదమూడో రోజుకి ఆ నీళ్ళలో చేయి పెడితే మణికట్టు కనిపించలేదు.

గురువారం అయ్యగారు, సంఘపెద్ద ఏలియా గారు వచ్చి చూశారు. ఏలియా గారు ముక్కుకి కండువా అడ్డం పెట్టుకున్నారు.

"ఏంటమ్మా రూతూ, ఈ మురికేంటి?"

నాకు ఒళ్ళు మండింది. "మురికి కాదండీ, ప్రాణం! మీరు పీల్చే ప్రాణవాయువులో ఎంతో భాగం ఇవే తయారుచేస్తాయి. వీటి చుట్టాలు మీ వరిచేలో నత్రజని పట్టి ఇస్తాయి. మీరేమో ముక్కు మూసుకుంటున్నారు."

"చేలో ఉండనీ అమ్మా. ఇక్కడెందుకు?"

అయ్యగారు నెమ్మదిగా, "మునిగినవాళ్ళు మళ్ళీ కనబడాలి కదమ్మా" అన్నారు.

వెనకాలే నాన్న వచ్చాడు. తొట్టిలోకి తొంగిచూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది. "నీళ్ళు బాగోలేకపోతే మనమేం చేస్తామండీ. వచ్చే ఏడు చూద్దాంలెండి" అన్నాడు, ఎంతో విచారం నటిస్తూ.

అమ్మ మందిరం మెట్టు మీద కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. ముప్పై ఏళ్ళ ప్రార్థన నా గుప్పెడు తవుడులో కొట్టుకుపోతోంది. తప్పు నాది. అయినా తప్పు ఒప్పుకునే వయసా అది? చెప్పులు విడిచి, చుడీదారుతోనే, మెట్లు దిగి ఆ తొట్టిలో మెడదాకా నిలబడ్డాను.

"చూడండి! దురద లేదు, మంట లేదు. కాలేజీలో పరీక్ష చేయించాను. ఆదివారం దాకా ఇక్కడే నిలబడమంటే నిలబడతాను. వాయిదా మాత్రం వేయనివ్వను!"

కాళ్ళని చేపలు పొడుస్తున్నాయి. కితకితలు. మొహం గంభీరంగా పెట్టి ఎలా నిలబడ్డానో నాకే తెలియదు. అయ్యగారు నన్ను చూశారు, మెట్టు మీద అమ్మని చూశారు. "సరే, ఆదివారమే" అన్నారు.

శనివారం దోమతెర పట్టుకుని తొట్టంతా దేవి పదకొండు చేపల్ని బయటికి తీశాను. పన్నెండోది ఎంతకీ చిక్కలేదు. ఆ పదకొండింటినీ అమ్మ పులుసు పెట్టేసింది. "నూకరత్నం ఇచ్చింది" అంటే నాన్న నమ్మి, రెండోసారి వడ్డించుకుని తిన్నాడు.

ఆదివారం వచ్చింది. నాన్న తెల్లపంచె, తెల్లచొక్కాతో దిగాడు. ఛాతీదాకా వెళ్ళాక ఆగి, ఒకసారి కిందికి చూసి, కళ్ళు చిన్నవి చేశాడు. ఆ చూపు నాకు తెలుసు, లాకుల దగ్గర చూశాను. అయ్యగారు చెప్పాల్సిన మాటలు చెప్పి, వీపు పట్టుకుని వెనక్కి ముంచారు. నాన్న పచ్చదనంలో మాయమైపోయాడు. లేపబోతే లేవలేదు. బుడగలొచ్చాయి. అయ్యగారు కంగారుగా రెండు చేతులా లాగారు.

నాన్న లేచాడు. రెండు చేతుల్లోనూ గిలగిలలాడుతున్న తిలాపి.

పాట ఎత్తుకోబోయినవాళ్ళు నోళ్ళు అలాగే తెరిచి ఉండిపోయారు. తరవాత వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, మందిరం మందిరమంతా పొట్టలు పట్టుకుంది. అమ్మ మాత్రం నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఏలియా గారు లేచి నిలబడ్డారు. "ఇది చెల్లదండీ! మనసు చేప మీద పెట్టి మునిగితే బాప్తిస్మం ఎలా అవుతుంది? జూన్‌లో కాలువ వదిలాక మంచినీళ్ళలో మళ్ళీ ఇద్దాం."

నేను నాన్న వైపు చూశాను. ఆయనకి ఇంతకన్నా మంచి సాకు దొరకదు, తీసుకుంటాడు అనుకున్నాను. నాన్న చేపని చూశాడు, తరవాత అమ్మని చూశాడు.

"ఏలియా గారూ, ముప్పై ఏళ్ళు నేనే వాయిదా వేశాను. అందులో ఎంత సుఖముందో నాకు తెలుసండి. ఇప్పుడు మీరు జూన్ అంటే సరేనని ఇంటికి పోతాను, మళ్ళీ రాను. అందుకే ఒప్పుకోను. నీళ్ళు పచ్చగా ఉంటే ఏమైందండి? నా కూతురు మెడదాకా దిగి నిలబడింది."

ఎవరూ నవ్వలేదు ఈసారి. నాన్న చేయి చాపి చేపని గట్టు మీదున్న అమ్మకి అందించాడు. "పట్టుకోవే." అయ్యగారి వైపు తిరిగి, ఖాళీ చేతులు రెండూ ఛాతీ మీద కట్టుకున్నాడు. "ఇప్పుడు ముంచండయ్యగారూ."

రెండోసారి మునిగి లేచినప్పుడు నెత్తి నుంచి పంచె దాకా పచ్చగా ఉన్నాడు. అమ్మ తెల్లచీర కొంగులో చేపని అదుముకుని, అది తోక కొడుతుంటే మొహమంతా తడిసి, ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను. అది ఎండవల్ల కాదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చాక నాన్న నీళ్ళ బకెట్లోకి చూస్తూ, "పులుసా, వేపుడా?" అన్నాడు.

అమ్మ కత్తిపీట తీసి అటక మీద పెట్టేసింది. "మీతోపాటు మునిగి మీతోపాటు లేచిందండీ అది. నిన్నటి పదకొండూ వేరు. దీన్ని నేను కోయను."

సాయంత్రం బండి మీద, బకెట్ ఒళ్ళో పెట్టుకుని వెళ్ళి, మా అమ్మ దాన్ని గోదావరిలో వదిలి, చేతులు జోడించి వచ్చింది.

కాబట్టి పెద్దలందరి ఎదుట గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మూతలేని తొట్టికి నేను కాపలా ఉండను. నాచు తినమని తెచ్చిన చేపకి తవుడు పెట్టను. పట్టా కప్పమని ఎవరైనా చెబితే నోరుమూసుకుని కప్పుతాను. కానీ నాచుని మాత్రం తప్పుపట్టనివ్వను. ఎండ ఇచ్చాను, తిండి పెట్టాను, అది పెరిగింది. ఆ పదహారు రోజుల్లో తన పని తాను సరిగ్గా చేసింది అదొక్కటే.