టీచరమ్మ ఇరవై ఆరు గళ్ళు

మా టీచరమ్మ పోయిన గురువారం ఉదయం దవాఖానలో చనిపోయారు. వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. చెయ్యి తుడుచుకుని కాసేపు మెట్ల మీద కూర్చున్నాను. మట్టెవాడలో మా ఇంటి మేడ మీద వాటాలో పదిహేనేళ్ళు ఉన్నారామె. వీధి చివర బాలికల హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. ఆమెను తలచుకుంటే ఏడుపుకంటే ముందు ఒక గెలుపు గుర్తొస్తుంది. ఆ గెలుపును దాదాపు పాడుచేసింది నేనే కనుక, ఆ సంగతి నేనే రాయాలి.

నీటికాసుల జబ్బుతో నలభై ఆరో ఏట ఆమె చూపు పూర్తిగా పోయింది. ఏడాది సెలవు పెట్టి హైదరాబాద్ వెళ్ళి బ్రెయిలీ నేర్చుకుని వచ్చారు. "మల్ల ఒకటో తరగతిల వడ్డ చెల్లె. ఈసారి వేలికి అక్షరాభ్యాసం" అన్నారు దిగుతూనే. సంచీలోంచి పరీక్ష అట్టంత నల్లటి పెట్టె ఒకటి తీసి నా ఒళ్ళో పెట్టారు. చూపు లేనివాళ్ళ కోసం చేసిన చేతి కంప్యూటరట. తెర లేదు. పైన రాయడానికి కొన్ని మీటలు, కింద ఒకే వరుసలో ముప్పై రెండు చిన్న గళ్ళు. మీట నొక్కగానే ఆ గళ్ళలో సన్నటి చుక్కలు పైకి లేస్తాయి. ఆమె వేలు వాటి మీద నడిచి చదువుతుంది. చెవిలో చెప్పే గొంతు కూడా ఉంది కానీ తరగతిలో దాన్ని వాడేవారు కాదు. "చెవి పిల్లలది, వేలు పుస్తకానిది" అనేవారు.

ఆ చెవి సంగతి పిల్లలకు త్వరలోనే తెలిసివచ్చింది. రాని స్నేహితురాలి బదులు వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి "ప్రెజెంట్ టీచర్" అంటే, "రజిత గొంతు నీకెప్పుడు ఇచ్చింది లావణ్యా? వాపస్ ఇచ్చెయ్" అన్నారట.

పాఠ్యపుస్తకం ఫైలు ఆ మిషన్లో ఎక్కిస్తే అంతా పిచ్చిరాతలా వచ్చేది. అచ్చు వేసేవాళ్ళ అక్షరాలు దానికి అర్థం కావట. అందుకని మా అమ్మాయి పాత లాప్‌టాప్ మీద నేను తెలుగు టైపు నేర్చుకున్నాను. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక రోజుకు మూడు పేజీలు. జ్వరమొచ్చినా రెండుకంటే తగ్గలేదు. పుస్తకం పూర్తయ్యేసరికి దసరా సెలవులొచ్చాయి.

అప్పటికే కొందరు తల్లిదండ్రులు పైకి అర్జీ పెట్టారు. కళ్ళు కనపడని మనిషి హాజరు ఎట్లా తీసుకుంటుంది, పాఠం ఎట్లా చెప్తుందని. సెలవుల తర్వాత రెండో రోజు అధికారి వచ్చి తరగతి చూస్తారనీ, నచ్చకపోతే టీచరమ్మను ఆఫీసులో కుర్చీకి మారుస్తారనీ కబురు. హెడ్మిస్ట్రెస్ మంచావిడే, కానీ "నా చేతుల ఏం లేదు టీచర్" అని తప్పుకున్నారు. "కుర్చీల కూసుండవెడ్తే నేను మూడొద్దులు బతుకుత గావచ్చు" అన్నారు టీచరమ్మ. నవ్వుతూనే అన్నారు కానీ, ఆ రోజు అన్నం సగం వదిలేశారు.

పాఠాలు ఎక్కించడానికని సెలవుల్లో మిషన్ మా ఇంట్లోనే ఉంది. ఆయుధపూజ వచ్చింది. మావారి కొట్టులో తరాజుకు, స్కూటర్‌కు, నా కుట్టుమిషన్‌కు బొట్లు పెట్టాను. చదువు చెప్పే మిషన్‌ను వదిలేస్తే ఎట్లా? పని ఏదైనా వరుసగా చెయ్యడం నా అలవాటు. ఎడమ చివర మొదలుపెట్టి ఒక్కో గడికి ఒక్కో గంధం బొట్టు, దాని మీద కుంకుమ. ఆరో గడి దగ్గర పాలు పొంగిన వాసనొచ్చి లేచాను.

సెలవులయ్యాక మొదటి రోజు మిషన్ లేకుండానే బడికి వెళ్ళి వచ్చి, రేపటి పరీక్షకు తయారవుదామని ఆమె మిషన్ ముందు కూర్చున్నారు. వేలు ఎడమ వైపే ఆగిపోయింది.

"చెల్లె, ఈడ చుక్కలు లేస్తలేవు. ఏం జేసినవ్?"

"బొట్టు వెట్టిన టీచరమ్మా."

"మిషన్‌కా?"

"ఆయుధపూజ గదా. ఒక్కో గడికి ఒకటి. పాలు పొంగినయని లేచిన గానీ, లేకుంటె అన్నిటికి వెట్టేదాన్ని."

ఆమె పొట్ట పట్టుకుని నవ్వారు. "ఆ పాలకు దండం వెట్టాలె! చీర గూడ కట్టకపోయినవ్?"

నేను మాత్రం ఏడుస్తున్నాను. గంధం గళ్ళలోకి దిగి గట్టిపడింది, బాగుచేయించాలంటే హైదరాబాద్ పంపాలి. అధికారి వచ్చేది తెల్లారే.

"ఏడ్సుడు బంద్ జెయ్. పోయినయెన్ని?"

"ఆరు."

"ఉన్నయెన్ని?"

"ఇరవై ఆరు."

"గదీ. నా కండ్లు పోయినప్పుడు గూడ ముందుగాల ఉన్నయే లెక్కవెట్టుకున్న."

ఉపాయం ఆమెకే తట్టింది. ప్రతి వరుసకూ ముందు ఆరు గళ్ళు ఖాళీ వదలాలి. అప్పుడు చెడిన గళ్ళ మీద అక్షరమే పడదు. నలభై ఒక్క మంది పిల్లల పేర్లు వరుసకొకటి చొప్పున ఆమె కొట్టుకున్నారు. నదుల పాఠం చిన్న చిన్న వరుసలుగా విరిచి నేను కొట్టాను. దీపాలు పెట్టే వేళకు అయిపోయింది.

మర్నాడు ఆమె సంచీ మోసుకుంటూ నేనూ వెళ్ళి, తరగతి బయట వరండాలో నిలబడ్డాను. అధికారి మిషన్‌ను ఇటూ అటూ తిప్పి చూశారు.

"ఇదేం కంప్యూటర్ మేడమ్, స్క్రీనే లేదు?"

"స్క్రీన్ చూసేటోళ్ళకు సార్. నాకెందుకు?"

పిల్లలు కిసుక్కుమన్నారు. హాజరు అయింది. పాఠం అయింది. మెడకు వేలాడేసుకున్న మిషన్ గళ్ళ మీద ఎడమ చేతి వేలు నడుస్తుంటే, కుడిచేత్తో నల్లబల్ల మీద గోదావరిని ఒకే గీతలో గీశారు.

అయినా ఆయనకు నమ్మకం కుదరలేదు. "ఇవన్నీ కంఠస్థం చేసుకోవచ్చు. నేను చెప్పేది రాసుకుని చదవండి" అన్నారు.

ముందే సర్దుకున్న వరుసలు కావివి. ఆయన వేగంగా చెప్తున్నారు: "రేపటి... ఆఁ... రేపటి నుంచి, అంటే, మధ్యాహ్నం తర్వాత..." ఆమె వేళ్ళు కదిలాయి. ప్రతి వరుస మొదట్లో, ఖాళీ గడి వదిలే పొడుగు మీట టక్ టక్‌మని మోగుతోంది. ఆ చప్పుడు అందరూ విన్నారు. లెక్కపెట్టింది మాత్రం నేనొక్కదాన్నే. ఆరు. మళ్ళీ ఆరు. ఒక్క వరుసకు కూడా ఐదు కాలేదు.

ఆయన ఆపగానే ఆమె చదివారు: "రేపటి, ఆఁ, రేపటి నుంచి, అంటే..."

తరగతి గొల్లుమంది. ఆయనకూ నవ్వాగలేదు. "ఆ 'ఆఁ' గూడ రాసిండ్రా మేడమ్?"

"మీరన్నది ఇడిచివెడ్తే తప్పు రాసినట్టయితది గద సార్."

ఆయన తనిఖీ పుస్తకం తెరిచి నిలబడే రాశారు. రాసింది పైకి చదివి వినిపించారు. ఈ తరగతి ఈ టీచరుదే అని. పిల్లలు చప్పట్లు కొడుతుంటే పక్క తరగతులవాళ్ళు కిటికీల్లోకి వచ్చారు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా పదకొండేళ్ళు ఆ గదిలో ఆమె గొంతే వినిపించింది.

ఆయన జీపు వెళ్ళగానే ముందు బెంచీ పద్మ లేచి, "టీచర్, నా పేరు ఎట్లుంటది అండ్ల?" అని అడిగింది. టీచరమ్మ ఆ అమ్మాయి పేరు పైకి లేపి, దాని వేలు పట్టుకుని మీద పెట్టారు. అది కెవ్వుమంది. అంతే, నలభై ఒక్క మంది వరుస కట్టారు. వరుస గుమ్మం దాటి వరండాలోకి, వరండా నుంచి బోరింగ్ దాకా పెరిగింది. ఒక్కొక్కరూ గౌనుకు వేలు తుడుచుకుని, కళ్ళు మూసుకుని, తమ పేరు తాము తాకి చూసుకుని నవ్వుకుంటూ వెళ్తున్నారు. అందరి వెనకా, చేతిలో చాక్‌పీసుల డబ్బాతో, హెడ్మిస్ట్రెస్ గారు నిలబడ్డారు, తన వంతు కోసం.