ఫోటో పోయేటప్పుడే పేరూ పోవాలె

ఇప్పుడు మీకొక మహాగాథ చెప్పబోతున్నాను. ఇందులో మరణం ఉంది, వివాహం ఉంది, నిండు సభలో గొంతెత్తిన ఒక స్త్రీ ఉంది. కృష్ణా నదికి ఈ ఒడ్డున ఇంతటి కథ ఇంకొకటి జరగలేదు... అని మొదలుపెడదామనుకున్నాను గాని, అదంతా ఉత్తదే. వీడియోలో ఒక ఫోటో ఎంతసేపు నిలబడాలి, దాని కింద రాత ఎంతసేపు నిలబడాలి అన్నదే సంగతి. రెండూ ఒకేసారి పోవాలి. కథ అయిపోయింది. ఇంకా ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ఈ పొద్దున నాగర్‌కర్నూల్‌లో నా దుకాణం షట్టరెత్తి కూర్చున్నాను. బయట ఆటో కోసం నిలబడ్డ ఒక పెద్దాయన నా బోర్డును పైకి చదవడం మొదలుపెట్టాడు. "పె... ళ్లి... వీ... డి... యో..." ఒక్కో అక్షరం దగ్గర ఆగి, దాన్ని పూర్తిగా నమ్మాకే తర్వాతిదానికి కదులుతున్నాడు. "ఎ... డి..." దాకా వచ్చేసరికి ఆటో వచ్చింది, ఎక్కి పోయాడు. మిగతా సగం నాకే మిగిలింది. ఆ చదువు వినగానే రూతక్క గుర్తొచ్చింది. ఇలా మొదలుపెడితే మనిషి పోయిందనుకుంటారేమో, రూతక్క నిక్షేపంగా ఉంది. వనపర్తిలో రెండో దుకాణం కూడా పెట్టింది. మొన్ననే ఫోన్ చేసి, నేను తిరిగివ్వని హార్డ్ డిస్కు గురించి నన్ను కడిగేసింది.

నేను ఆమె దగ్గర పనిచేసే రోజుల్లో ఆ స్టూడియో గద్వాల బస్టాండు వెనక ఉండేది. డిగ్రీ అయ్యాక ఖిల్లా ఘణపూర్‌లో మా నాన్న వేరుశనగ చేను, నేను ఒకరి మొహం ఒకరం చూసుకోలేక, అక్కడికి వెళ్లి ఎడిటింగ్ పనిలో చేరాను. రూతక్కది ధరూర్ దిక్కు పల్లె. ఇంటిల్లిపాదీ పత్తి చేలల్లో కూలికి పోయినవాళ్లు. ఆమె మాత్రం చర్చిలో తెర మీద పాటల చరణాలు మార్చే పని పట్టుకుని, అటునుంచి వీడియోల్లోకి వచ్చింది. వెనక వరుసలో ముసలమ్మలు చరణం ముగించకముందే తెర మారిస్తే, వాళ్లు వెనక్కి తిరిగి చూసే చూపు వచ్చే ఆదివారం దాకా వెంటాడుతుందని చెప్పేది.

నా మొదటి పని పెబ్బేరులో ఒక ఎడ్ల వ్యాపారి మనవడి పుట్టినరోజు వీడియో. ఫోటోలు వరసగా వేశాను. సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఒక్కోదానికి ఐదు సెకన్లు ఇచ్చింది. కింద పేర్లకు నేను రెండేసి ఇచ్చాను. పేరు మెరుపులా వచ్చి పోతుంది, మొహం అలాగే ఉంటుంది.

"ఏంది తమ్మీ ఇది?" అంది రూతక్క.

"స్టైల్ అక్కా."

"ఎవరో తెలిసేలోపల పేరు పాయె. ఇగ ఉత్త మూతి చూస్కుంట కూసోవాల్నా? సదువు దాన్ని."

ఒక్క గుక్కలో చదివాను.

"నువ్వు సదివినట్టు గాదు. మా అమ్మ సదివినట్టు సదువు."

వాళ్లమ్మ పాటల పుస్తకంలో అక్షరాల కింద వేలు జరుపుకుంటూ చదువు నేర్చుకున్న మనిషట. ఆమెను నేనెప్పుడూ చూడలేదు. అయినా ఆ రోజు నుంచి ప్రతి రాత కిందా వేలు పెట్టి, ఎరగని ఆ ముసలమ్మలా పైకి చదివేవాణ్ని. పక్కన టీ కొట్టువాళ్లు నాకు చదువు రాదనుకున్నారు. నా డిగ్రీ మార్కులు చూసి ఉంటే ఆ మాట ఖాయం చేసుకునేవాళ్లు.

కొన్నాళ్లకు ఈరమ్మ అనే ఆమె వచ్చింది, కూతురి పెళ్లి వీడియో కోసం. భర్త తిమ్మప్ప పుణె వైపు కట్టడాల పనికి పోయి అక్కడే చనిపోయాడు. మిగిలింది ఒక్క ఫోటో, అదీ ఎవరి పెళ్లిలోనో గుంపులో తీసింది. ఆయన్ని కత్తిరించి వేరు చేశాను గాని, భుజం మీద పక్కవాడి చెయ్యి మాత్రం పోలేదు. పెళ్లిలో పెద్ద తెర మీద మొదట ఆ ఫోటో రావాలి, కింద "కీర్తిశేషులు తిమ్మప్ప గారి ఆశీస్సులతో" అని ఉండాలి. ఇక్కడిదాకా అందరూ అడిగేదే.

"ఇంకోటి రూతమ్మా," అంది ఈరమ్మ. "బిడ్డ నాకు అక్షరాలు నేర్పింది. ఆడ అందరి ముంగట నేనే సదువుత. నేను సదివేదాంక ఆయన పోవద్దు."

"కీర్తిశేషులు కష్టమైతది అక్కా. ఉత్త పేరు ఏద్దమా?"

"అందరిండ్లల్ల గదే ఏస్తరు గద. మా ఆయనకొక్కనికి ఏంది తక్కువ?"

రూతక్క ఆమెను నా కుర్చీలో కూర్చోబెట్టి వీడియో నడిపించింది. ఈరమ్మ "కీ" అని ఎత్తుకుని, "ర్తి" దగ్గర చాలాసేపు బస చేసి, చెమటలు తుడుచుకుని, మొత్తానికి చివరికి చేరింది. రూతక్క అక్కడే వీడియో ఆపి, కింది పట్టీ మీద ఆగిన గీత చూపించి, "ఆ గీతదాంక గుంజు," అంది. రాతను లాగాను. ఫోటోను లాగడం మరిచాను. మళ్లీ నడిపిస్తే తిమ్మప్ప తన ఐదు సెకన్లు కాగానే వెళ్లిపోయాడు, రాత నిలబడే ఉంది, దాని పైకి పెళ్లికొడుకు నవ్వుతూ వచ్చాడు. కింద "కీర్తిశేషులు".

"సచ్చినోడా! పెండ్లి గాకముందే అల్లున్ని సంపితివి గదరా!"

ఈరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "ఇంట్ల గూడ గంతే రూతమ్మా. నా మాట కాకముందే లేసి పోతుండె."

"ఈసారి పోనియ్యం లే," అని రూతక్క నా వైపు తిరిగింది. "ఫోటో పోయేటప్పుడే పేరూ పోవాలె. గుంజు."

"గంత సేపు ఒకటే ఫోటో ఉంటే హ్యాంగైందనుకుంటరక్కా."

"అనుకోనీ."

గుంజాను. ఫోటోకు ఎంత గుంజినా నొప్పి పుట్టదు, అదొక్కటే దానిలో సుఖం.

పెళ్లిరోజు ఈరమ్మ తెర ముందుకొచ్చి మైకు పట్టుకుంది. తిమ్మప్ప వచ్చాడు, భుజం మీద చెయ్యితో సహా. "కీర్తిశేషులు తిమ్మప్ప గారి ఆశీస్సులతో," అని ఒక్క గుక్కలో చదివేసింది. ఎక్కడా బస లేదు. వారమంతా గిన్నెలకూ మేకలకూ వినిపించిందని కూతురు తర్వాత చెప్పింది. ఇంకేముంది, చదువు అయిపోయింది, ఫోటో కదలదు, రాత కదలదు. "కరెంటు పోయిందా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. తెర వెలుగుతూనే ఉంది, అయినా ఆ ప్రశ్న అడగడం మన హక్కు. తెర నడిపే అబ్బాయి పరేషానయి, "హ్యాంగైంది మేడం!" అని చెయ్యి చాచాడు. రూతక్క ఆ చెయ్యి పట్టేసుకుంది. "ముట్టకు."

ఈరమ్మ మైకు దించి, ఊరికే చూస్తూ నిలబడింది. ఏమీ చేయలేదు, ఏడవనూ లేదు. తర్వాత ఫోటో, పేరు కలిసే పోయాయి. పెళ్లికొడుకు నవ్వుతూ వచ్చాడు, ఈసారి బతికే. ఆమె మైకు ఎవరి చేతికో ఇచ్చి, అన్నాలు తగ్గినయో ఏమోనని వంటల దగ్గరికి వెళ్లిపోయింది. నా కళ్లు కొంచెం మండాయి. లైట్ల వేడి అది.

"లెక్క తప్పింది అక్కా," అన్నాను తిరిగొస్తుంటే. "ఆమె జల్ది సదివింది. టైము మస్తు మిగిలె."

"మిగలనీ. సదివినంక సూడనీకి గూడ జర టైము గావాలె గద."

ఇప్పుడు నా దుకాణంలోనూ వేలు పెట్టే చదువుతాను, అది కాగానే ఇంకొంచెం వదులుతాను. వీడియో ఎందుకింత మెల్లగా ఉందని గిరాకీలు అడిగితే ఈ కథ చెప్పను, వినే ఓపిక వాళ్లకుండదు. పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు మాత్రం ఒక మాట చెబుతాను. ఫోటోకు ఆ ఐదు సెకన్లు ఎక్కువో తక్కువో అనిపిస్తే, ఫోటోలు లోపలికి తెచ్చుకోకముందే సెట్టింగ్స్‌లో మార్చుకోవాలి. తెచ్చుకున్నాక మారిస్తే పాతవాటికి పట్టదు, ఒక్కొక్కటీ చేత్తో గుంజాల్సిందే.