టాకాలు విప్పిన టూటూ

ఐర్లండు వచ్చిన కొత్తలో నాకు ఇంగ్లీషు రాదు, బస్సు ఎక్కడ దిగాలో తెలీదు, ఎండ ఎప్పుడొస్తుందో అసలే తెలీదు. కానీ బట్ట చేతికిస్తే మాత్రం కుట్టినవాళ్ళు ఎక్కడ బద్ధకించారో ఇట్టే చెప్పేసేదాన్ని. ఎనిమిదో తరగతితో బడి మానేసి, పాలకొల్లులో మా మేనత్త మిషను పక్కనే పెరిగినదాన్ని మరి. ఆ వయసులో ఒక్క పని చేతికొస్తే చాలు, లోకంలో మిగతా పనులన్నీ దాని తమ్ముళ్ళేననుకుంటాం. (ఇప్పుడలా అనుకోవడం మానేశానని మా ఆయన ముందు అనకండి, పగలబడి నవ్వుతాడు.)

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. లూకన్ అనే ఊళ్ళో అద్దెకుండేవాళ్ళం. మా ఎస్టేట్, అదే కాలనీ, చివర ఒక గుంటూరావిడ బట్టలు సరిచేసే చిన్న కొట్టు నడిపేది. చేతిలో కత్తెర లేకుండా ఆవిణ్ణి ఎవరూ చూడలేదు గనక ఊరందరికీ కత్తెర ఆంటీ. నన్ను పనిలో పెట్టుకున్న రెండో వారంలోనే, ఒక శుక్రవారం పొద్దున, బుగ్గ వాచిపోయి డెంటిస్టు దగ్గరికి పరిగెడుతూ ఒక పెద్ద గుండ్రటి సంచీ చూపించింది. "అమ్మాయ్, రేపు సాయంత్రం మా మనవరాలి బ్యాలే డాన్సు. ఇది వాళ్ళ టీచరుది, ఆవిడ వయసులో ఉన్నప్పుడు కట్టుకుని ఆడింది. నడుం దగ్గర హుక్కులు రెండు వేళ్ళు లోపలికి జరుపు. ఇంకేం ముట్టుకోకు" అంది. బుగ్గ వాచినా మాట స్పష్టంగానే ఉంది. వినకపోవడం నా ఘనతే.

ఆ మనవరాలికి పదకొండేళ్ళు. ఇక్కడే పుట్టింది. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఐరిష్ యాసలో ఇంగ్లీషు. నాలుగేళ్ళు వెనక వరుసలో ఒకసారి చెట్టు, ఒకసారి మేఘం వేసి, ఆ ఏడే మొదటిసారి స్టేజీ మధ్యలో ఒక్కతే ఆడబోతోంది. టీచరు డెబ్బై దాటిన ఐరిష్ ఆవిడ, గుడిసెకి నిట్రాడ నిలబడ్డట్టు నిలబడేది. ఎవరికీ ఇవ్వని గౌను ఆ పిల్లకిచ్చింది. అందుకే ఆంటీ ఇంట్లో పెళ్ళంత సందడి.

సంచీ విప్పితే ఏముంది, పైన బుల్లి జాకెట్టు, నడుం చుట్టూ తెల్లటి నెట్టు గుడ్డ కిందికి జారకుండా పెద్ద అప్పడంలా అడ్డంగా చాపుకుని ఉంది. దీన్ని టూటూ అంటారని అప్పటికి నాకు తెలీదు. తిరగేశాను. పదకొండు పొరల నెట్టు, పొరకీ పొరకీ మధ్య చేత్తో వదులువదులుగా వేసిన టాకాలు. నా ప్రాణం ఉసూరుమంది. మా మేనత్త చెప్పిన మొదటి పాఠమే అది, అసలు కుట్టు పడ్డాక టాకాలు పీకెయ్యాలి, పీకకుండా ఇచ్చేవాడు దర్జీయే కాదు అని. ఎవడో మతిమరుపువాడు టాకాలతోనే ఇచ్చేస్తే పాపం ఈవిడ అదే కట్టుకుని దేశమంతా గెంతిందే అని ఎంత జాలేసిందో చెప్పలేను.

హుక్కులు పది నిమిషాల్లో అయిపోయాయి. ఆ తర్వాత నా దయాగుణం మొదలైంది. కూనిరాగం తీసుకుంటూ, రెండు గంటలు కూర్చుని, ఒక్కొక్క టాకా నెట్టు చిరక్కుండా పీకి, ఆవిరి ఇస్త్రీ పెట్టి హ్యాంగరుకి తగిలించాను. టూటూ బుద్ధిగా కిందికి దిగి గంటలా నిలబడింది. పిల్లకి మోకాళ్ళ దాకా వస్తుంది, మర్యాదగా ఉంటుంది అని అదో సంతోషం కూడా.

శనివారం పదింటికి ఆంటీ, మనవరాలు, టీచరు ముగ్గురూ కొట్టుకి వచ్చారు. టీచరు హ్యాంగరు ముందు ఆగిపోయింది. నెట్టు కింద చెయ్యి పెట్టి పైకెత్తింది, వదిలింది. అది మళ్ళీ దిగింది. ఆంటీతో మెల్లగా ఏదో అంది.

"దీని కుట్లేవీ అని అడుగుతోందే" అంది ఆంటీ.

నేను గర్వంగా దారప్పోగుల ఉండ తెచ్చి చూపించాను. "అన్నీ తీసేశానాంటీ. ఒక్కటి మిగిల్తే నన్నడగండి."

ఆంటీ బుగ్గ నొప్పి మర్చిపోయింది. "ఓసి నీ శుభ్రం తగలెయ్యా, అవే కదే దాని ఎముకలు. అవి పట్టుకుని ఉంటేనే అది నిలబడేది. అవి తీసేశాక ఇంకేముంది, పరికిణీ."

పిల్ల గోల చెయ్యలేదు. "ఐ వోన్ట్ డాన్స్, సో" (అయితే నేనాడను) అని మిషను పక్కన కింద కూలబడి మోకాళ్ళలో తల పెట్టుకుంది. తిట్టినా బాగుండేది. నాలుగేళ్ళు చెట్టూ మేఘమూ వేసిన పిల్ల, నేను చేసిన సాయానికి ఇవాళ ఏ వేషమూ లేకుండా పోయింది.

అప్పుడు టీచరు కోటు విప్పి కుర్చీకి తగిలించి, సూది కోసం చెయ్యి చాపింది. ఆట ఆరింటికి. ఐదింటికి బయల్దేరాలి. కింది పొర నుంచి మొదలుపెట్టాం, ఒకవైపు ఆవిడ, ఒకవైపు నేను. కుడుతూ ఆవిడ చెప్పడం, వాచిన బుగ్గతో ఆంటీ తెలుగు చెయ్యడం. "నీ తప్పు పెద్ద తప్పేం కాదంట, గౌన్ని నూరేళ్ళు వెనక్కి నడిపించావంట" అంది ఆంటీ.

నాకు ప్రాణం లేచొచ్చింది. వెనక్కంటే ఎక్కడికి?

మొదట్లో రాజుల కొలువుల్లో నేలను ఊడ్చే బరువైన గౌన్లేనట. లోపల కాళ్ళేం చేస్తున్నాయో ఆడేవాళ్ళకీ దేవుడికీ తప్ప తెలీదు. ఒకావిడెవరో తెగించి చీలమండ కనిపించేలా కత్తిరించుకుంటే ఊరంతా నోళ్ళు నొక్కుకుందట. "అమ్మో, తర్వాతో?" అన్నాను. తర్వాత పిక్కల దాకా పొగలాంటి తెల్లటి నెట్టు, మునివేళ్ళ మీద నిలబడితే మనిషి గాల్లో తేలుతున్నట్టుండాలని. స్టేజీ దీపాలేమో గ్యాసు మంటలు, ఆ నెట్టు అంటుకుని పోయిన పిల్లలు కూడా ఉన్నారట. అది వినగానే ఆంటీ లేచి ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేసింది. ఆపైన గింగిరాలు, గెంతులు ఎక్కువయ్యేకొద్దీ మోకాళ్ళు కనపడాలని గౌను పైకి, ఇంకా పైకి, గంట ఆకారం నుంచి చివరికి ఇదిగో ఈ పళ్ళెం దాకా. నా వేళ్ళకి ఎన్ని పోట్లు పడ్డాయో నాకే తెలీదు. ఒక్క లంగాకి ఇంత కథుంటుందని మా మేనత్త కూడా చెప్పలేదు. వింటూ వింటూ పిల్ల మోకాళ్ళలోంచి తలెత్తి, పాక్కుంటూ మా దగ్గరికొచ్చి సూదుల్లో దారం ఎక్కించడం మొదలుపెట్టింది.

ఒంటిగంటకి టీచరు వేళ్ళు బిగుసుకుపోయాయి. కీళ్ళవాతం. మిగతాది నేనే లాగాను. ఐదయ్యేసరికి పదకొండు పొరల్లో ఏడే అయ్యాయి. ఎత్తి చూస్తే పళ్ళెమూ కాదు, గంటా కాదు, సగం తెరిచిన గొడుగు.

టీచరు తల పక్కకి వంచి చూసింది. "ఇట్స్ గ్రాండ్" అంది, ఇక్కడివాళ్ళ మాటలో పర్లేదని. గౌను ఇలా ఉన్న రోజులు కూడా ఉండేవట, గంటకీ పళ్ళేనికీ మధ్య.

పిల్ల తొడుక్కుని అద్దం ముందు ఒక్క చుట్టు తిరిగింది. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో అడిగింది. "ఊడిపోదు కదా ఆంటీ?" (ఇరవై రెండేళ్ళకే ఆంటీని. ఆ రోజు అదీ భరించాను.)

"ఊడదమ్మా. నా కుట్టు."

హాల్లో టీచరు పక్కన కూర్చున్నాను. పిల్ల ఒక్కతే మధ్యలోకి వచ్చింది. నాకు నాట్యం కనపడితే ఒట్టు. నా కళ్ళన్నీ నెట్టు మీదే, ఎక్కడ టాకా తెగుతుందోనని. గింగిరాలు మొదలయ్యాయి. ఆ వేగానికి కుట్టని పై నాలుగు పొరలు కూడా వాటంతట అవే లేచి పళ్ళెంలా పరుచుకున్నాయి, ఆగగానే మెల్లగా దిగాయి. జనం "ఓ" అనడం వినపడింది. టీచరు నా గడ్డం పట్టుకుని తల కాస్త పైకెత్తింది. అప్పుడు చూశాను పిల్ల మొహం. గౌను సంగతే మర్చిపోయి నవ్వుతోంది.

ఆ తర్వాత ఎన్ని టూటూలు కుట్టానో. ఇప్పుడు ఏ బట్ట వచ్చినా ముందు నాలుగుసార్లు తిప్పి చూసి, ఇద్దర్ని అడిగితేగానీ సూది పెట్టను. పనిలో తప్పు పడటం లేదు, నిజమే. కానీ కూనిరాగం తీసుకుంటూ, ఎవరూ అడక్కుండా, అంత హాయిగా తప్పు చేసిన ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల ఒక్కోసారి గుర్తొస్తుంది. వెళ్ళి ఆపాలనిపించదు. పక్కన కూర్చుని కాసేపు చూడాలనిపిస్తుంది.