ఎనిమిది సంచుల ఉన్ని

ఏలూరు తంగెళ్ళమూడిలో మా షెడ్డు పక్కనుంచి వెళ్ళేవాళ్ళకి మొహిద్దీన్ అన్న ముఖం తెలియకపోయినా గొంతు తెలుసు. తివాచీలు నేసేవాళ్ళం ఆరుగురం. పెద్ద మగ్గం ముందు చెక్క మీద వరసగా కూర్చునేవాళ్ళం. డిజైను కాగితం ఆయన ఎదురుగా ఉండేది. గళ్ళ కాగితం. గడిలో చుక్క ఉంటే ఆకుపచ్చ, అడ్డగీత ఉంటే ఇటుక రంగు, సున్నా ఉంటే తెలుపు. ఆయన రాగం తీసి చదివేవాడు, "మూడు పచ్చ, రెండు ఇటుక, ఒకటి తెలుపు" అని. మేం ఉన్ని ముళ్ళు వేసి "అయింది" అనేవాళ్ళం. పదిహేనేళ్ళు అలాగే నడిచింది.

నేను ఆయన కుడిపక్కన కూర్చునేవాణ్ణి. ఉన్ని చిలపలు, అంటే రంగురంగుల దారపు చుట్టలు, మా తలల మీద వేలాడేవి. ఆయన రంగు చెప్పగానే నేను రెండు దారాలు లాగి, ఒకటి నేనుంచుకుని ఇంకొకటి ఆయన చేతికిచ్చేవాణ్ణి. మొదట్లో పెద్దవాడు కదా, చెయ్యెత్తడం కష్టమేమో అనుకున్నాను. అసలు సంగతి తెలియడానికి ఏడేళ్ళు పట్టింది. ఒకసారి నాకు జ్వరం వచ్చి నాలుగు రోజులు వెళ్ళలేదు. ఆ నాలుగు రోజులూ ఆయన ఒక్క ముడి కూడా వెయ్యలేదట. కాగితం చదువుతూ, ఇనప దువ్వెనతో ముళ్ళు దిగగొడుతూ కూర్చున్నాడట. తిరిగి వెళ్ళాక, కావాలనే పచ్చ దారం అడిగినప్పుడు ఇటుక రంగు దారం ఇచ్చి చూశాను. ముడి వేసేశాడు. నేనే మాట్లాడకుండా విప్పి సరిచేశాను. ఆయన నా వైపు చూశాడు. ఆయనకి ఆకుపచ్చా, ఇటుక రంగూ రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. ఈ సంగతి ఆయన భార్య బీబీ వదినకి తెలుసు, ఆ రోజు నుంచి నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియకూడదు. రంగులు తెలియనివాడికి తివాచీ పని ఎవరిస్తారు?

మూడేళ్ళ కిందట షెడ్డు యజమాని ప్రసాదరావుగారు మమ్మల్ని కూర్చోబెట్టి ఇంటికో చిన్న మగ్గం వేయిస్తానన్నారు. షెడ్డు ఉంచుకోవడం కష్టంగా ఉందట. మీ ఇష్టం వచ్చిన టైముకి నేసుకోవచ్చు, ఎండన పడి రానక్కర్లేదు, పనికి రేటు తగ్గదు అన్నారు. "కంప్యూటరు ఉద్యోగాలు చేసేవాళ్ళే ఇళ్ళలోంచి చేసుకుంటున్నారు, మీకేం తక్కువయ్యా?" అన్నారు.

తన్వీర్ మాలో చిన్నవాడు, నోరు ఊరుకోదు. "వాళ్ళ కంప్యూటరు ఒళ్ళో పడుతుందండీ. మా ఇంట్లో మగ్గం వేస్తే మా ఆవిడ వీధిలో పడుకోవాలండీ" అన్నాడు.

అందరం నవ్వాం. ప్రసాదరావుగారూ నవ్వి, అందరూ కలిసి ఒకే మాట చెప్పండి, వద్దంటే ఇంకో ఏడాది ఎలాగోలా లాక్కొస్తాను అన్నారు.

మర్నాడు టీ కొట్టు దగ్గర అందరం లెక్కలేసుకున్నాం. ఇంట్లో అయితే వేడన్నం తినొచ్చు, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చొచ్చు. కానీ ఉన్న ఒక్క గదిలో మగ్గం పడితే మంచం బయటికి పోతుంది, ఉన్ని నూగు అన్నంలో పడుతుంది, కరెంటు బిల్లు మనదే. మొహిద్దీన్ అన్నతో కలిపి ముగ్గురు వద్దన్నారు, ఇద్దరు అటూ ఇటూగా ఉన్నారు. మొహిద్దీన్ అన్న టీ గ్లాసు పట్టుకుని, "పక్కన మనిషి ఉండాలిరా" అన్నాడు. అంతకంటే ఏం చెప్పగలడు?

నేను ఇంట్లో మగ్గం వైపే మాట్లాడాను. మా ఆవిడకి పక్షవాతం వచ్చి అప్పటికి ఐదు నెలలు. పొద్దున్న మంచం మీద ఎలా వదిలివెళ్తే సాయంత్రానికి అలాగే ఉండేది. దాహం వేస్తే ఎవరైనా తలుపు తీసేదాకా ఆగాలి. ఆ మాట చెబితే వద్దన్నవాళ్ళు కూడా మెత్తబడ్డారు. మొహిద్దీన్ అన్నని పక్కకి తీసుకెళ్ళి చెప్పాను. "రోజూ సాయంత్రం నేనొచ్చి మర్నాటికి ఉన్ని విడదీసి పెడతానన్నా. మన ఇళ్ళ మధ్య రెండు వీధులే కదా" అన్నాను.

ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "సరే, నీ భార్య సంగతి ముందు" అన్నాడు.

ఇళ్ళలో మగ్గాలు పడ్డాయి. ఇంట్లో నేత నాకు మేలు చేసింది, అబద్ధం చెప్పను. ఒక వరస వేసి లేచి ఆవిణ్ణి పక్కకి తిప్పేవాణ్ణి. ఇంకో వరస అయ్యాక నీళ్ళు పట్టేవాణ్ణి. ఆరు నెలల్లో గోడకానుకుని కూర్చోగలిగింది. మొదటి రెండు నెలలు సాయంత్రాలు మానకుండా మొహిద్దీన్ అన్న ఇంటికి వెళ్ళాను. తరవాత వారానికి రెండుసార్లు. తరవాత బీబీ వదినే, "నీకెందుకులే శ్రమ, నేను చూసుకుంటాను" అంది. ఆవిడ గుండుగొలను దగ్గర రొయ్యల షెడ్డులో పనికి వెళ్తూ, పొద్దున్నే ఉన్నిని రంగుకో సంచి చొప్పున ఎనిమిది సంచుల్లో సర్ది గోడ పక్కన వరసగా పెట్టేది. తలుపు వైపు నుంచి మొదటిది పచ్చ, ఐదోది ఇటుక. ఆయన సంచులు లెక్కపెట్టుకుని నేసేవాడు.

పోయిన ఏడాది శ్రావణంలో వాళ్ళ కూతురు లుబ్నా పురిటికి వదిన తాడేపల్లిగూడెం వెళ్ళింది. నలభై రోజులకి సరిపడా ఉన్ని సర్ది, వెళ్ళేముందు నాకూ ఒక మాట చెప్పి వెళ్ళింది. రెండో వారంలో పెద్ద వాన పడింది. వాళ్ళ రేకుల ఇల్లు కారింది. ఆయన గబగబా సంచులన్నీ తీసి బీరువా మీద పడేశాడు. వాన తగ్గాక దించేటప్పటికి వరస పోయింది.

నాకు ఫోన్ చేశాడు. ఆయనది బటన్ల ఫోను, ఫోటో పంపే వీల్లేదు. "ఒకసారి వచ్చి ఉన్ని చూసి వెళ్తావా?" అన్నాడు. తివాచీలు ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది, నాది ఇంకా జానెడు మిగిలి ఉంది. "రేపు వస్తాలే అన్నా" అన్నాను. మర్నాడూ అదే అన్నాను. మూడో రోజు ఆయన ఫోన్ చెయ్యలేదు. షెడ్డులో అయితే నా మోచెయ్యి ఆయన మోచేతికి తగులుతూ ఉండేది. రెండు వీధుల అవతల ఉంటే, ఫోన్ రాకపోతే పని జరిగిపోతోందని అనుకున్నాను.

పదకొండో రోజు వెళ్ళాను. ఆయనకి ఇచ్చింది అంచు పొడుగునా ఆకుల తీగ ఉన్న డిజైను. కింద సగం ఆకులు పచ్చగా ఉన్నాయి. పై సగం ఆకులన్నీ ఎండిపోయినట్టు ఇటుక రంగులో, పువ్వులు పచ్చగా ఉన్నాయి. పై ఆకుల మీద వేలు పెట్టి కిందికి జరిపాను. ఆయన మగ్గం మీంచి చెయ్యి తీసి, "తేడా వచ్చిందా?" అన్నాడు. విప్పి మళ్ళీ నేయడానికి రోజులు లేవు.

ప్రసాదరావుగారు దాన్ని ఎండలో పరిపించి చూశారు. "తాగి నేశావా మొహిద్దీన్?" అన్నారు.

జన్మలో చుక్క ముట్టని మనిషి. తలొంచుకుని, "పొరపాటైందండీ" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. నిజం చెబితే ఆయన రహస్యం బయటపడుతుందని ఊరుకున్నానని చాలారోజులు అనుకున్నాను. కానీ ఆ నిజం చెబితే, వస్తానని చెప్పి నేను వెళ్ళలేదన్న మాట కూడా చెప్పాల్సి వచ్చేది. ఆ వారమే ఆయన ఇంట్లోంచి మగ్గం తీసుకుపోయారు.

ఇప్పుడు ఆయన కొల్లేరు వైపు ఒక చేపల చెరువు మీద కాపలా ఉంటున్నాడు. పగలు మేత వెయ్యడం, పక్షుల్ని తోలడం. మొన్న వెళ్ళి చూశాను. గట్టు మీద పాక ముందు కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. "మీ ఆవిడ నడుస్తోందా?" అని అడిగాడు. కర్ర పట్టుకుని గుమ్మం దాకా వస్తోందని చెప్పాను. "మంచిది, అందుకే కదా" అన్నాడు.

చేతిలో ఒక ప్లాస్టిక్ తాడు ముక్క ఉంది. దానికి ముళ్ళు వేస్తూ, విప్పుతూ అన్నాడు.

"పచ్చ చిలపకి ఒక ముడి, ఇటుక చిలపకి రెండు ముళ్ళు వేసి పెట్టుకున్నా సరిపోయేదిరా అజ్మల్. ఎవరూ రానక్కర్లేకపోయేది. ఇన్నేళ్ళు ముళ్ళేసి బతికాం, ఇద్దరికీ తట్టలేదు."

తాడు నా చేతిలో పెట్టి మేత బస్తా విప్పడానికి లేచాడు.